కాచి చల్లార్చిన నీళ్లు

పళ్లాయన పొద్దున్నే లేచి ముందు తోమేది తన పళ్లు కాదు, రాళ్లు. హాల్లో గోడ పొడవునా ఉన్న ఉప్పునీళ్ల అక్వేరియం ముందు స్టూలు వేసుకుని, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, మోచేయి మునిగేలా చెయ్యి పెట్టి, రాళ్ల మీద పెరిగిన పచ్చటి నాచును పాత టూత్‌బ్రష్షుతో రుద్దుతాడు. ఊడివచ్చిన పీచును సన్నటి గొట్టంతో బకెట్లోకి లాగేస్తాడు. ఆ పూటకి రాళ్లు శుభ్రంగా కనిపిస్తాయి. నాలుగు రోజులు తిరక్కముందే, గుండు గీయించుకున్న తల మీద జుట్టు మొలిచినట్టు, మళ్లీ అంతా పచ్చగా మొలుచుకొస్తుంది.

పళ్లాయన అంటే పండ్ల బండి మనిషి అనుకునేరు. అతను చేసేది కట్టుడు పళ్లు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, తన చిన్న లాబులో కూర్చుని మైనం కరిగించి, చిగుళ్లు పోతపోసి, పళ్లు ఒక్కొక్కటే పేర్చి సెట్టు తయారుచేస్తాడు. తన పని మీద అతనికి ఎంత గురి అంటే, వీధిలో ఎవరైనా నవ్వుతూ ఎదురొస్తే ముందు మొహం కాదు, పళ్లు చూస్తాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నోరు ఒప్పుకోదని అంటూ ఉంటాడు.

అతని చేతిపనిలో అన్నిటికన్నా గొప్పదిగా చెప్పుకునే సెట్టు ఆ ఇంట్లోనే ఉంది. అది అత్తగారి నోట్లో ఉంది. మామగారు పోయాక ఆవిడ కూతురింటికి వచ్చి ఉంటోంది. వచ్చిన కొత్తలోనే అల్లుడు ఆవిడకి పైసెట్టూ కిందసెట్టూ చేసిపెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా, "మా అత్తయ్యగారి పళ్లు చూశారా, సొంత పళ్లు కావంటే నమ్ముతారా?" అని అడగకుండా కాఫీ ఇవ్వనివ్వడు. ఆవిడ మర్యాదగా ఒక నవ్వు నవ్వి చూపించి, తన గదిలోకి వెళ్లిపోయేది.

తన గది అని అన్నానే గానీ అది మనవరాలి గది. మనవరాలు హాస్టల్లో చదువుకుంటోంది. ఆ గదిలో పెద్ద బీరువా ఉంది, అందులో రెండు అరలు ఖాళీ కూడా చేసిపెట్టారు. అయినా ఆవిడ బట్టలు ఇన్నేళ్లుగా మంచం కింద సూట్‌కేసులోనే ఉన్నాయి. ఉతికి ఆరేసినవి మడతపెట్టి మళ్లీ అందులోనే సర్దుకునేది.

అల్లుడు ఆవిణ్ణి చాలా బాగా చూసుకునేవాడు. అంత బాగా చూడటమే వచ్చిన చిక్కని అతనికి తెలియదు. ఆవిడ మంచినీళ్ల కోసం లేవబోతే తనే లేచి తెచ్చి ఇచ్చేవాడు. కూర తరగబోతే కత్తిపీట తీసి పక్కన పెట్టేవాడు. తడిబట్టలు తీగ మీద వేయబోతే పరుగున వచ్చి అందుకునేవాడు. ప్రతిసారీ ఒకటే మాట, "మీకెందుకు శ్రమ, అత్తయ్యగారూ." ఆవిడ చేతులు ముడుచుకుని వెనక్కి వచ్చి, అక్వేరియం ముందు కూర్చునేది. మాట్లాడటానికి ఎవరూ లేనప్పుడు కదిలేవి ఏవో కళ్లెదురుగా ఉండాలి కదా.

అక్వేరియంలో కదిలేవి చాలానే ఉన్నాయి. తెల్లచారల నారింజరంగు చేపలు రెండు, విడవకుండా ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ ఉంటాయి. పీతల్లాంటివి, నత్తల్లాంటివి సరేసరి. అన్నిటికన్నా పళ్లాయనకి ప్రాణం మాత్రం మధ్యరాయి మీద పెరిగిన ఊదారంగు పగడం. మనవరాలు, అంటే అతని కూతురు, బడిలో చేరిన ఏడాది గోరంత ముక్కగా తెచ్చి అతికించాడు. అది కూతురితోపాటే పెరిగి అరచేయంత అయింది. మామూలుగా ముడుచుకుని ఉండి, లైటు వెలుతురు సరిగ్గా పడితే సన్నటి వేళ్లు చాపి ఊగుతుంది. కూతురు హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా తండ్రి క్షేమం కన్నా ముందు దాని క్షేమం అడుగుతుంది.

ఇప్పుడు నాచు ఆ పగడం అంచుదాకా పాకింది. పళ్లాయన చేయని ప్రయత్నం లేదు. లైట్లు ఆర్పి, తొట్టె చుట్టూ దుప్పటి కప్పి చీకట్లో ఉంచాడు. నాచు తినే నత్తల్ని తెచ్చి వదిలాడు. చేపల మేత సగానికి తగ్గించాడు. టెస్టు కిట్టు తెచ్చి నీళ్లు పరీక్ష చేశాడు. నాచుకి బలమిచ్చే ఎరువులాంటి పదార్థం నీళ్లలో ఉంటే రంగు ముదురు నీలం తిరగాలి. ఎన్నిసార్లు చూసినా లేతగానే ఉంది. ఉన్న ఎరువునంతా నాచే ఎప్పటికప్పుడు తినేస్తే నీళ్లలో ఏం మిగులుతుందన్న ఆలోచన అప్పటికి అతనికి రాలేదు. కోపంలో ఉన్న మనిషికి మనుషుల మీద వచ్చినంత తొందరగా నీళ్ల మీద అనుమానం రాదు.

అనుమానం అత్తగారి మీదికి మళ్లింది. రోజంతా దాని ముందు కూర్చునేది ఆవిడే. పైమూత పక్కకి జరిగి ఉండటం అతను రెండు మూడు సార్లు గమనించాడు. పెద్దావిడ, జాలిపడి చేపలకి పిడికెళ్ల కొద్దీ మేత వేస్తూ ఉంటుందని తీర్మానించుకున్నాడు. మిగిలిన మేత కుళ్లి నాచుకి ఎరువు కావడం తొట్టె పెంచేవాళ్లందరికీ తెలిసిన సంగతే.

ఆ ఆదివారం పొద్దున అతను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ తొట్టె పక్కన నిలబడి ఉంది. మూత తెరిచి ఉంది. చెయ్యి నీళ్ల మీద ఉంది. అతన్ని చూడగానే చెంగు కింద ఏదో దాచుకుంది.

పళ్లాయన కోపాన్ని దిగమింగుకున్నాడు. గొంతు తగ్గించి, నవ్వు తెచ్చిపెట్టుకుని మొదలుపెట్టాడు.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకపోతే ఒక మాట."

"చెప్పండి బాబూ."

"చేపలకి మేత ఎక్కువైతే నాచు పెరుగుతుందండీ. మీకు తెలియక వేస్తున్నారు, మీ తప్పేం లేదు. ఇకనుంచి ఈ తొట్టె జోలికి మాత్రం రాకండి. అన్నీ నేను చూసుకుంటాను. మీకెందుకు శ్రమ."

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. మూత జాగ్రత్తగా మూసి, దాని మీద పడిన రెండు నీటిచుక్కలు చెంగుతో తుడిచింది. "అలాగే బాబూ," అని గదిలోకి వెళ్లిపోయింది. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది. సాయంత్రం కూడా అదే మాట. పళ్లాయన మాత్రం ఎవరి మనసూ నొప్పించకుండా ఎంత నేర్పుగా చెప్పానో అనుకుంటూ హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు పొద్దున అతన్ని లేపింది అలారం కాదు, తొట్టె. పంపు గరగరమంటూ గాలి మింగుతోంది. లేచి హాల్లోకి వచ్చేసరికి భార్య ఆసుపత్రికి బయలుదేరబోతూ గుమ్మంలో ఆగిపోయి ఉంది. ఆమె అక్కడ నర్సు. పెందలాడే డ్యూటీలో ఉండాలి. అలాంటిది చేతిసంచి కుర్చీలో పడేసి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మా అమ్మని ఏమన్నారు?"

"నేనేమన్నాను? ఏమీ అనలేదే."

"ఏమీ అనకుండానే పొద్దున్నే మా చెల్లెలికి ఫోన్ చేసి వచ్చేస్తానందా? సూట్‌కేసు మంచం మీదికెక్కింది. అడిగితే, ఇక్కడ నావల్ల మీకు ఇబ్బందిగా ఉంది అంటోంది. ఎవరికి ఇబ్బంది? చెప్పండి, నేను డ్యూటీకి సెలవు పెట్టయినా వింటాను."

పళ్లాయన జరిగింది చెప్పాడు. మేత వెయ్యొద్దని మాత్రమే చెప్పానని, అదీ ఎంతో మర్యాదగా చెప్పానని, కావాలంటే ఆవిణ్ణే అడగమని అన్నాడు. భార్య అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది.

"ఆ మేత డబ్బా మూత తీస్తే మా అమ్మకి కడుపులో తిప్పుతుంది. మీరు మేత వేసే వేళకి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి అది కూడా చూడలేదా మీరు?"

అతను చూడలేదు. చూడలేదని ఒప్పుకోవడం ఇష్టంలేక తొట్టె వైపు తిరిగాడు. పంపు ఇంకా గరగరమంటోంది. నీటిమట్టం అద్దం మీద గీసిన గీతకి వేలెడు కిందికి దిగిపోయింది. తొట్టెలో నీళ్లు రోజూ కొంత ఆవిరైపోతాయి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తగ్గిన మేరకు ఉప్పులేని శుద్ధమైన నీళ్లు పోసి గీత దాకా నింపాలి. ఆ నీళ్లు ప్రత్యేకంగా వడగట్టినవి. పెద్ద పెద్ద డబ్బాల్లో తెప్పించి మెట్ల కింద పెడతారు. నడుం పట్టేసినప్పటి నుంచి బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు గనుక ఆ పని భార్యకి అప్పజెప్పాడు.

"నిన్న నీళ్లు పొయ్యలేదా నువ్వు?"

"నేనెప్పుడు పోశాను? పొద్దున్నే నాకు ఊపిరి తీసుకునే తీరికుందా? మొదటి వారం పోశాను. అమ్మ చూసి నేను పోస్తాలే అంది. అప్పట్నుంచీ తనే పోస్తోంది. నిన్న మీరే కదా తొట్టె జోలికి రావద్దన్నారు."

పళ్లాయనకి చెంగు కింద దాచిన వస్తువు గుర్తొచ్చింది. గబగబా మెట్ల కిందికి వెళ్లి దీపం వేశాడు. నీళ్ల డబ్బాలు వరసగా ఉన్నాయి. మొదటిది తప్ప ఒక్కదానికీ సీలు తీయలేదు. వాటి మీద దుమ్ము వేలితో పేరు రాసేంత ఉంది. ఒక డబ్బా వంచి చూశాడు. నడుం కలుక్కుమంది. ఇంత బరువు డెబ్బై దాటిన మనిషి ఎలా ఎత్తుతుంది?

మరి రోజూ గీత దాకా నిండిన నీళ్లు ఎక్కడివి? వంటింట్లోకి వచ్చాడు. గట్టు మీద ఒక మూల, ఎప్పుడూ అక్కడే ఉండే పెద్ద స్టీలు గిన్నె ఉంది. మూతికి తెల్లటి పల్చటి గుడ్డ కట్టి ఉంది. పక్కన బోర్లించిన చిన్న చెంబు, నిన్న చెంగు కింద దాచుకున్నది అదే అయుండాలి. గిన్నెలో నీళ్లు చల్లగా, కదలకుండా ఉన్నాయి. ఆ గిన్నె అక్కడ ఎన్నాళ్లుగా ఉందో అతనికి తెలియదు. తాగేవి కాబోలు అనుకునేవాడు.

టెస్టు కిట్టు తెచ్చి, ఆ నీళ్లు గాజుగొట్టంలో పోసి మందుచుక్కలు వేశాడు. భార్య భుజం మీదుగా తొంగిచూసింది. నీళ్లు చూస్తుండగానే నీలంగా తిరిగి, ఇంకా ముదిరి, సిరా రంగుకి వచ్చి ఆగాయి.

"కుళాయి నీళ్లు," అన్నాడు పళ్లాయన. "కాచిన కుళాయి నీళ్లు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ అందులో కరిగిన ఎరువు ఎక్కడికీ పోదు. ఇంకా చిక్కబడుతుంది. నేను రోజూ తోమి తీసేస్తున్నాను, అత్తయ్యగారు రోజూ పోసి పెంచుతున్నారు."

భార్య తల్లి గది వైపు చూసింది. గొంతు తగ్గించి, ఈ సంగతి అమ్మకి తెలియనివ్వొద్దంది. అసలే బాధలో ఉంది, ఇది తెలిస్తే కుమిలిపోతుంది. గిన్నె తీసేసి, ఏదో సర్దిచెప్పి ఆపేద్దాం, నీళ్లు ఇకమీదట నేనే పోస్తాను అంది. పళ్లాయన కూడా ముందు సరేనన్నాడు. అలా చెయ్యడం అతనికి బాగా అలవాటైన పనే. అత్తగారి చేతిలోంచి కత్తిపీటా, బకెట్టూ, మంచినీళ్ల గ్లాసూ అతను ఎన్నిసార్లు నవ్వుతూ లాక్కోలేదు? ఈ చెంబు కూడా లాక్కుంటే సరిపోతుంది.

అక్కడే అతను ఆగిపోయాడు. మూతికి కట్టిన గుడ్డని మళ్లీ చూశాడు. అంచులు చక్కగా మడిచి కుట్టి ఉన్నాయి. ఎవరూ అడక్కపోయినా, ఎవరూ చూడకపోయినా, దీనికోసం ఒకరు కూర్చుని అంచులు కుట్టారు.

"లేదు," అన్నాడు. "చెప్పాలి. నీకైతే చెప్పేవాణ్ణి కదా."

గదిలో ఆవిడ సూట్‌కేసు మూత తెరిచి, కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, అన్నీ అందులోనే ఉన్నాయి. అల్లుడు రావడం చూసి లేవబోయింది. అతను కూర్చోమని చెప్పలేదు. తనే వెళ్లి నేల మీద, మంచానికి ఆనుకుని కూర్చున్నాడు. నడుం పట్టుకోవడంతో చిన్నగా మూలిగాడు.

"అత్తయ్యగారూ, మీరు మేత వెయ్యలేదు. నేను అన్నది తప్పు. చూడకుండా అన్నాను."

"పోనీలెండి బాబూ. తెలియక అన్నారు."

"కానీ నాచు మాత్రం మీవల్లే పెరిగింది."

గుమ్మంలో నిలబడిన భార్య కళ్లు మూసుకుంది. ఆవిడ అల్లుడి వైపు తిరిగి చూసింది. అతను తప్పించకుండా అంతా చెప్పాడు, కుళాయి నీళ్ల సంగతి, మరిగిస్తే ఏమవుతుందో, గాజుగొట్టంలో నీలం రంగు. ఆవిడ చేతివేళ్లు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉంది.

"చంటిపిల్లలకి పట్టే నీళ్లే కదా బాబూ," అంది చివరికి. "కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి పోశాను. మా అమ్మాయికీ చిన్నప్పుడు అవే పట్టాను. అంతకన్నా మంచి నీళ్లు నాకు తెలియవు."

"డబ్బా ఎత్తలేకపోతున్నానని ఒక్క మాట అనొచ్చుగా అమ్మా," అంది కూతురు.

"అంటే ఏమవుతుంది? అయ్యో నీకెందుకు అంటారు. నువ్వు సగం నిద్రతో పరిగెడతావు. ఆయన నడుం పట్టుకుని ఆ డబ్బాలు లాగబోతారు. ఈ ఇంట్లో పొద్దున లేవగానే నాకు చేయడానికి ఉన్నది ఆ ఒక్క పని. అదీ పోతే, అన్నం పెట్టించుకుని కూర్చునే చుట్టాన్ని. చుట్టం ఎన్నాళ్లుంటుంది?"

ఈ మాట అంటున్నప్పుడు కూడా ఆవిడ గొంతు పెంచలేదు. కన్నీళ్లు మాత్రం చెప్పకుండానే వచ్చేశాయి. పళ్లాయన కళ్లు కూడా తడిశాయి. తను ఇన్నేళ్లు పెద్ద మర్యాద అనుకుని చేసినదంతా ఆవిణ్ణి గుమ్మం దగ్గరే నిలబెట్టిందని అతనికి అప్పుడు తెలిసింది. ఏడుస్తున్న మనిషికి ఏం చెప్పాలో తోచక, తనకి తోచిన నిజమే చెప్పాడు.

"నాకు నడుం నొప్పి అత్తయ్యగారూ. డాక్టరు వద్దన్నా నేను రోజూ వంగి రాళ్లు తోముతున్నాను. మీ అమ్మాయికి తీరిక లేదు. డబ్బాలకి అడుగున కుళాయి బిగిస్తాను, ఎత్తే పనిలేదు. చెంబుతో పట్టుకుని గీత దాకా పోయాలి. రోజూ పోయాలి, ఒక్కరోజు మానినా పంపు పాడవుతుంది. మీరు వెళ్లిపోతే నాకు కుదరదు."

"మళ్లీ నన్నే పొయ్యమంటున్నారా? ఇంత చేశాక?"

"ఇంత శ్రద్ధగా పోసేవాళ్లు ఇంకెవరున్నారు? నీళ్లు మారిస్తే చాలు."

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. కూతురి వైపు, అల్లుడి వైపు మార్చి మార్చి చూసింది.

"అయితే నేనూ ఒక నిజం చెప్పనా?"

"చెప్పండి."

"మీరు చేసిన కిందసెట్టు ఎడమవైపు ఒరుస్తుంది. పెట్టుకున్న రోజు నుంచీ ఒరుస్తూనే ఉంది."

పళ్లాయన ఆవిడ కిందిపళ్ల వైపు చూశాడు. వచ్చిన ప్రతి మనిషికీ చూపించిన పళ్లు. ఆవిడ ఎప్పుడూ కుడివైపే నెమ్మదిగా నమలడం అతనికి కళ్లముందు కదిలింది. అది ఆవిడ నిదానం అనుకున్నాడు.

"ఇన్నేళ్లూ చెప్పలేదేమండీ?"

"చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు వంకలు పెడతారా?" అని ఆవిడ నవ్వింది. మర్యాదకి చూపించే నవ్వు కాదు. కూతురు ముందు నవ్వలేక నవ్వి, తర్వాత తల్లి ఒళ్లో తలపెట్టి ఏడ్చేసింది. ఆమె ఆ రోజు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లింది. ఆసుపత్రిలో ఏం చెప్పుకుందో మనకి తెలియదు.

నాచు ఒక్కరోజులో పోలేదు. పోదు కూడా. అత్తగారు పొద్దున్నే డబ్బా కుళాయి తిప్పి, చెంబుతో నీళ్లు పట్టి, అలవాటు కొద్దీ గుడ్డలో వడగట్టి మరీ పోసేది. వడగట్టక్కర్లేదని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేలా లేదు. పళ్లాయన స్టూలు ఎక్కి బ్రష్షు పట్టుకుంటే, "ముందు ఆ నడుం చూసుకోండి, రాళ్లు ఎక్కడికీ పోవు," అని కసిరేది. రానురాను పచ్చటి పీచు పల్చబడింది, తెగిన తావున మళ్లీ మొలవలేదు. మిగిలినదాన్ని తినడం నత్తల వంతయింది. ఊదా పగడం అంచున కాస్త మచ్చ మిగిలిపోయింది గానీ, ఒక పొద్దున వేళ్లన్నీ చాపి ఊగుతూ కనిపించింది. ఆ సంగతి హాస్టల్‌కి ఫోన్ చేసి చెప్పింది అమ్మమ్మే. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సూట్‌కేసు ఖాళీ అయి బీరువా పైకి ఎక్కింది.

అన్నిటికన్నా ముందు జరిగింది మాత్రం సెట్టు పని. నిజాలు చెప్పుకున్న రోజు సాయంత్రమే పళ్లాయన లాబు నుంచి సామాను ఇంటికి తెచ్చుకుని, భోజనాల బల్ల మీద దీపం కింద కూర్చున్నాడు. కిందసెట్టు ఎడమ అంచు సన్నగా అరగదీసి, నునుపు చేసి, కడిగి అత్తగారి చేతిలో పెట్టాడు. ఆవిడ పెట్టుకుని, నోరు అటూ ఇటూ కదిపి, కళ్లు చిట్లించి ఆలోచించింది.

"ఇంకా ఒరుస్తోంది," అంది.

మళ్లీ అరగదీశాడు. మళ్లీ కడిగి ఇచ్చాడు. ఆవిడ ఈసారి బిస్కెట్ ఒకటి తీసుకుని ఎడమవైపు కొరికి చూసింది.

"ఊహూఁ. ఇంకొంచెం. మీరసలు సరిగ్గా చూస్తున్నారా?"

ఇరవై ఏళ్లుగా అతని పనికి ఎవరూ అలా వంక పెట్టలేదు. పళ్లాయన కళ్లజోడు తుడుచుకుని, సెట్టు అందుకుని, మళ్లీ దీపం కిందికి జరిగాడు. మనసు చాలా తేలికగా ఉంది.